కోరాపుట్ ఘాట్ దారుల్లో మాగ్నెట్ యాంటెన్నా కిట్: రాడ్డు మంచిదే, ప్లగ్గే దొంగ

బండిలో పెట్టుకుని మాట్లాడుకునే హామ్ రేడియో సెట్టుకు, ఆన్‌లైన్‌లో డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లకు పనికొచ్చే) మొబైల్ యాంటెన్నా కిట్ అని రెండు మూడు వేల లోపు దొరికే సరుకంతా దాదాపు ఒకే అచ్చు. అర మీటరు రాడ్డు, అరచేతిలో పట్టే మాగ్నెట్ దిమ్మ, నాలుగైదు మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ (నడిమి తీగ, దాని చుట్టూ జడలా అల్లిన తీగ), దాని చివర సెట్టుకు తగిలించే పీఎల్-259 ప్లగ్గు. పెట్టె మీద పేరు మారుతుంది గానీ లోపలి సరుకు మారదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ, జయపురం దాకా తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకు ఇది చాలుతుందా? రాడ్డు చాలుతుంది. దిమ్మ, బండిని బట్టి. ప్లగ్గు మాత్రం చాలదు, కొన్న రోజే కోసి పారేయాల్సిందే.

ముందు ఒక మాట. ఇది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండు, అంటే అభిరుచి కోసం రేడియో వాడే అమెచ్యూర్ల బ్యాండు సంగతి. రేడియో లైసెన్సులు చూసే కేంద్ర విభాగం, ఢిల్లీలోని డబ్ల్యూపీసీ ఇచ్చే అమెచ్యూర్ లైసెన్సు లేనివాళ్లు ఈ సెట్టు జోలికి పోవద్దు. ఉన్నవాళ్లు కూడా ట్రావెల్స్, లోడింగు వ్యాపారానికి దీన్ని వాడకూడదు. ఒడిశా సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర బండి మీద యాంటెన్నా కనిపిస్తే అడగొచ్చు, లైసెన్సు కాపీ డాష్‌బోర్డులోనే ఉంచుకోండి.

దిమ్మతో మొదలుపెడదాం. మాగ్నెట్ పట్టుకుంటే చాలు, ఎర్త్ (రాడ్డుకు జోడీగా పనిచేసే బండి లోహం) దొరికినట్టే అనుకుంటారు చాలామంది. బండి బాడీకీ దిమ్మకీ మధ్య పెయింటు ఉంటుంది, కింద రబ్బరు తొడుగు ఉంటుంది, లోహం లోహాన్ని తాకదు. రెండు పలకలూ కలిసి కెపాసిటర్‌లా పనిచేస్తేనే ఎర్త్ అందుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కాస్త కెపాసిటెన్సు సరిపోతుంది. 27 మెగాహెర్ట్జ్ సెట్టుకు ఇదే దిమ్మ వాడితే అడ్డు ఐదింతలు పైనే పెరుగుతుంది, అందుకే అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో తెలిపే కొలత, 1 కి దగ్గరైతే మంచిది) ఎంత తిప్పలు పడ్డా దిగదు. మన ఎర్రమట్టి చేసే చెడుపు కూడా ఇక్కడే. వారం రోజుల దుమ్ము దిమ్మ కింద పొరగా చేరితే మధ్య ఖాళీ పెరిగి ఎర్త్ పలచబడుతుంది, పైగా గతుకుల్లో దిమ్మ జరిగినప్పుడల్లా ఆ మట్టే గరుకు కాగితంలా పెయింటును గీకేస్తుంది. పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ఒకటి అతికిస్తే పెయింటు బతుకుతుంది, పనితీరులో తేడా రాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి దిమ్మ ఎత్తి, కింద తడి తుడవకపోతే గుండ్రంగా తుప్పు ముద్ర పడటం ఖాయం.

బొలేరోలాంటి ఇనుప టాపు బండికి ఈ కిట్ బాగా నప్పుతుంది. క్వార్టర్ వేవ్ రాడ్డు, అంటే తరంగం పొడవులో పావు వంతుది, 145 మెగాహెర్ట్జ్‌కి సుమారు 49 సెంటీమీటర్లు, దాని చుట్టూ కనీసం అంత దూరం ఇనుము పరుచుకుని ఉండాలి. టాపు నడిబొడ్డున పెడితే ఆ కొలత దొరుకుతుంది. కేబుల్ పొట్టిగా ఉందని అంచుకు జరిపితే ఇనుము ఎక్కువున్న వైపే మాట బాగా పోతుంది, రెండోవైపు నీరసిస్తుంది. థార్ కాన్వాస్ టాపుకీ, ఫైబర్ హార్డ్ టాపుకీ మాగ్నెట్ అంటుకోనే అంటుకోదు. బానెట్ మీద పెట్టేవాళ్లున్నారు, పనిచేస్తుంది, కానీ కంటికి అడ్డం, సాల చెట్ల కొమ్మలకు ఇంకా అడ్డం. అలాంటి బండికి బానెట్ పక్క బోల్టుకు బిగించే స్టీలు బ్రాకెట్ కొని, ఎర్త్ మీద అంతగా ఆధారపడని హాఫ్ వేవ్ రాడ్డు, అంటే మీటరు పొడవుది, పెట్టుకోవడం మేలు. ఫైబర్ టాపు కింద ఇనుప రేకు అతికించే ప్రయత్నాలు కూడా జరుగుతుంటాయి, ఆ శ్రమకు బ్రాకెట్ రెండుసార్లు బిగించొచ్చు.

ఘాట్‌లో తిరిగేవాళ్లు ఎక్కువ గెయిన్ (ఒక దిక్కుకు కూడగట్టే బలం) అని 5/8 వేవ్, అంటే తరంగంలో ఎనిమిదింట ఐదు వంతుల పొడుగు రాడ్డు వెంట పడొద్దు. ఆ రాడ్డు బలాన్నంతా నేలకు సమాంతరంగా అణిచి పంపుతుంది. మైదానంలో అది వరం. సుంకి మలుపుల్లో అవతలి బండి మీకు రెండు వందల మీటర్లు పైనో కిందో ఉంటుంది, అక్కడ కొంచెం ఏటవాలుగా పైకి కూడా చిమ్మే క్వార్టర్ వేవ్ రాడ్డే నమ్మకం. ఏ రాడ్డయినా కొండను దాటదు. రెండు మీటర్ల ఎత్తు యాంటెన్నాలున్న రెండు బళ్ల మధ్య చదునైన నేల మీద రేడియో చూపు మేర పదకొండు పన్నెండు కిలోమీటర్లు. కొండ అడ్డొస్తే కిలోమీటరుకే మాట తెగిపోవచ్చు, దానికి కిట్‌ను తిట్టి లాభం లేదు.

ఇక ప్లగ్గు. ఇలాంటి కిట్లలో తరచు కనిపించే లోపం ఇదే: నడిమి పిన్నుకు సోల్డరింగు ఉంటుంది, చుట్టూ ఉన్న జడ తీగ మాత్రం నొక్కి వదిలేసి ఉంటుంది. సీటు జరిపినప్పుడు కేబుల్ ఒకసారి లాగితే జడ ఊడుతుంది. అప్పటి నుంచి వినపడుతుంది, మాట పోదు. ఒక్కోసారి గతుక్కో మాట. మొత్తం కోసేసి కొత్త ప్లగ్గు వేయడానికి పావుగంట చాలు. పీఎల్-259 తో పాటు ఆర్‌జీ-58 కి సరిపడే రెడ్యూసర్, అంటే యూజీ-175, అడిగి తీసుకోండి. అది లేకపోతే సన్న కేబుల్ ప్లగ్గులో గిలకలా ఆడుతుంది.

ముందుగా ప్లగ్గు బయటి రింగును, తర్వాత రెడ్యూసర్‌ను కేబుల్‌కి ఎక్కించండి. అంతా సోల్డర్ చేశాక రింగు బల్ల మీదే ఉండిపోయిందని చూసుకోవడం ఈ పనిలో అందరికీ తెలిసిన తద్దినం. పై తొడుగు 19 మిల్లీమీటర్లు వలిచి, జడను వెనక్కి రెడ్యూసర్ మీదికి మడిచి, 10 మిల్లీమీటర్ల దగ్గర కత్తిరించండి. లోపలి తెల్ల ఇన్సులేషన్ తీసి 16 మిల్లీమీటర్ల రాగి తీగ బయటపెట్టి పలచగా సోల్డర్ పూయండి. ప్లగ్గులోకి తిప్పి బిగించాక పక్కనున్న నాలుగు రంధ్రాల్లోంచి జడకు, చివర పిన్నుకు సోల్డర్ వేయాలి. ఇక్కడ 25 వాట్ల చిన్న ఐరన్ పనికిరాదు, ప్లగ్గు వేడెక్కేలోపు తెల్ల ఇన్సులేషన్ కరిగి తీగ జడకు ఆనుతుంది. 60 నుంచి 100 వాట్ల ఐరన్‌తో చకచకా పూర్తిచేయండి.

మల్టీమీటరు పెట్టి నడిమి పిన్నుకూ జడకూ మధ్య షార్టు ఉందా చూడమంటారు. రాడ్డు తీసేసి చూడండి. రాడ్డు ఉండగా చూస్తే కొన్ని డ్యూయల్ బ్యాండ్ రాడ్లలో లోపలి కాయిల్ వల్ల బీప్ వస్తుంది, అది తప్పు కాదు. దీన్ని చూసి మంచి రాడ్డును పారేసినవాళ్లున్నారు.

పీఎల్-259 కి వాన ఓర్చే గుణం లేదు. నీళ్లు ఒకసారి జడలోకి దూరితే వత్తి నూనె పీల్చినట్టు కేబుల్ పొడవునా పాకుతాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా కుదిపిందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి రోజు కోసమే బండిలో సెట్టు పెట్టుకుంటాం, ఆ రోజు వానకే తడిసి మూగబోతే ఎందుకు? బయట ఉన్న ప్రతి జాయింటుకు ఒక వరుస ఇన్సులేషన్ టేపు, దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు, మళ్లీ ఇన్సులేషన్ టేపు చుట్టండి. కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుటింటి పెంకుల్లా నీళ్లు మీంచి జారిపోవాలి. కేబుల్ లోపలికి వెళ్లేచోట ముందు కిందికి ఒక వంపు తీసుకుని తర్వాత పైకి ఎక్కాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. డిక్కీ తలుపు రబ్బరు బీడింగు మెత్తగా ఉంటుంది, అక్కడి నుంచి తేవడం మంచిది. ముందు తలుపు కీలు వైపు తెస్తే నలిగిపోతుంది. కేబుల్ వంపు వ్యాసార్థం 5 సెంటీమీటర్ల కంటే తగ్గకూడదు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండిలో పిల్లర్ ట్రిమ్ లోపలి నుంచి కేబుల్ లాగొద్దు.

తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్. తలుపులు మూసి, చుట్టూ మనుషులు లేకుండా, 5 వాట్ల మీద 144, 145, 146 లలో చూడండి. 144 దగ్గర తక్కువగా, 146 దగ్గర ఎక్కువగా ఉంటే రాడ్డు పొడవెక్కువ. అది తారుమారైతే పొట్టి. మామూలు క్వార్టర్ వేవ్ రాడ్డులో ఒక సెంటీమీటరు సుమారు 3 మెగాహెర్ట్జ్‌తో సమానం, కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పునే కోయాలి. మధ్యలో కాయిలున్న డ్యూయల్ బ్యాండ్ రాడ్డును మాత్రం కోయొద్దు, ఉంటే కింది స్క్రూతోనే సర్దాలి. 1.5 వచ్చిందంటే వంద వాట్లలో నాలుగే వెనక్కి వస్తున్నాయి, ఇంకా తగ్గించాలని పట్టుబట్టడం వృథా.

మీటరు అబద్ధమాడే సందర్భం ఒకటుంది. నీళ్లు పీల్చిన కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 చూపిస్తుంది, ఎందుకంటే వెనక్కి వచ్చే పవర్‌ను కూడా కేబులే తాగేస్తుంది. అనుమానమొస్తే దిమ్మ నుంచి రాడ్డు విప్పి, అతి తక్కువ పవర్ మీద ఒక్క సెకను చూడండి. ఐదు మీటర్ల మంచి ఆర్‌జీ-58 అయితే సూది 8 దాటాలి. 3 దగ్గర ఆగిందంటే పోయే పవర్‌లో సగం కేబుల్‌లోనే ఆవిరవుతోంది. మంచి కేబుల్ కూడా ఈ పొడవుకు ఐదో వంతు పవర్ తింటుంది, అందుకే మిగిలిన కేబుల్‌ను సీటు కింద చుట్ట చుట్టకుండా కోసి పొట్టి చేసుకోవడమే లాభం.

50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ జోలికి వెళ్లకుండా బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి ఆనుకునే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. నాలుగు మీటర్ల దూరానికి ఇందులో 0.4 వోల్టు పోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు వైరుతో అయితే ఒకటిన్నర వోల్టు పైనే పోయి, మాట్లాడగానే సెట్టు ఆరిపోతుంది.

ఏళ్ల తరబడి ఉంచే బండి అయితే, టాపుకు చిల్లు పెట్టడానికి మనసు ఒప్పితే, చిల్లులో శాశ్వతంగా బిగించే ఎన్‌ఎంఓ మౌంటు ఈ మాగ్నెట్ దిమ్మకంటే అన్ని విధాలా మిన్న. దానికి 19 మిల్లీమీటర్ల హోల్ సా కావాలి. పెయింటు గీకడం టాపు లోపలి వైపే, పై వైపు పెయింటు మీదే రబ్బరు వాషరు కూర్చోవాలి. చిల్లు అంచుకు తుప్పు పట్టని ప్రైమరు పూయకుండా మౌంటు బిగిస్తే రెండో వానాకాలానికి లైనింగు మీద ఎర్రటి మరక తేలుతుంది.