మాసివ్ అటాక్ ‘హండ్రెత్ విండో’: ముగ్గురిలో ఒక్కడే మిగిలాక

ముందే చెప్పేస్తా, మాసివ్ అటాక్ బ్యాండ్ పాత ఆల్బమ్ ‘మెజనైన్’ లాంటిదే ఇంకోటి కావాలని ఈ ‘హండ్రెత్ విండో’ పెట్టుకుంటే అరగంటలో విసుగొచ్చేస్తుంది. ఆ ఆశ పక్కనబెట్టి వింటే మాత్రం, 2003లో వచ్చిన ఈ రికార్డు జనం తిట్టినంత చెడ్డదేం కాదు. నాకైతే సగం భలే ఇష్టం, మిగతా సగం మీద కోపం.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సౌండ్ సిస్టమ్ (పార్టీల్లో రికార్డులు వాయించే డీజేల గుంపు) నుంచి వచ్చిన ముగ్గురే ఈ బ్యాండ్, త్రీడీ, డాడీ జీ, మష్రూమ్. 1991లో ‘బ్లూ లైన్స్’ తెచ్చారు, తర్వాత్తర్వాత ట్రిప్ హాప్ అని పేరుపడ్డ ఆ నిదానపు బీటుకు దారి వేసిందే అది. 1998లో ‘మెజనైన్’ నాటికి గిటార్లు, చీకటి ఎక్కువయ్యాయి, అది మష్రూమ్‌కు నచ్చలేదు, మరుసటి ఏడాది వెళ్లిపోయాడు. డాడీ జీ కూడా కుటుంబం చూసుకోవాలని పక్కకు తప్పుకున్నాడు (2010లో ‘హెలిగోలాండ్’ ఆల్బమ్‌కి తిరిగొచ్చాడులే). ఇక మిగిలింది త్రీడీ, పక్కన ప్రొడ్యూసర్ నీల్ డేవిడ్జ్.

ఆ ఇద్దరూ లేని లోటు మొదటి పాట నుంచే తెలుస్తుంది. ఇంతకుముందు పాత సోల్, రెగే రికార్డుల ముక్కలు తీసి అతికించేవాళ్లు, ఆ ముక్కలతో పాటు వాటి చిరచిర, వెచ్చదనం కూడా పాటలోకి వచ్చేవి. ఇందులో అలాంటి ముక్కలు, అంటే శాంపిల్స్, అసలే లేవు, అంతా స్టూడియోలో పుట్టిందే. శబ్దం అద్దంలా శుభ్రంగా ఉంటుంది, అంతే చల్లగానూ ఉంటుంది. కవర్ మీద పగిలి చెదిరిపోతున్న గాజుమనిషి బొమ్మ ఊరికే పెట్టలేదనిపిస్తుంది.

కానీ ఆ చల్లదనంలోకి ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ గొంతు వచ్చినప్పుడు చూడాలి. ‘వాట్ యువర్ సోల్ సింగ్స్’లో ఆమె గొంతు పెంచదు, చెవి దగ్గర కూర్చుని మాట్లాడినట్టు పాడుతుంది, వెనక బీటు ఉందా లేదా అన్నట్టు నడుస్తుంటుంది. 2023లో ఆమె పోయాక ఈ పాట వినడం ఇంకాస్త కష్టమైంది. ‘స్పెషల్ కేసెస్’లో బేస్ ఒకే మెట్టు మీద మొండిగా తిరుగుతుంటే ఆమె దాని పైనుంచి నడిచిపోతుంది. ‘ఎ ప్రేయర్ ఫర్ ఇంగ్లండ్’ మాత్రం నాకు ఎక్కలేదు, పిల్లల కోసం పడే బాధ నిజమే, ట్యూన్ మాత్రం ఉన్నచోటే ఉంది. జమైకా రెగే గాయకుడు హోరేస్ ఆండీ వణుకు గొంతు ‘ఎవ్రీవెన్’లో ఎప్పటిలాగే బంగారం.

నా కోపం నిడివి మీద. తొమ్మిది పాటలు, 70 నిమిషాలు దాటుతుంది. ‘బటర్‌ఫ్లై కాట్’ ఏడున్నర నిమిషాలు, ఆ వయొలిన్లు అరబ్బీ వరసలో లేచినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, సరే, కానీ ఆ తర్వాత కూడా రెండు నిమిషాలు లాగుతాడు. ముగ్గురున్నప్పుడు కొట్లాడుకునేవాళ్లు, ఎవడో ఒకడు ‘ఇంక చాల్రా’ అనేవాడు. ఇక్కడ ఆ మాట అనేవాడే లేడు. పాటలు బాగలేక కాదు, ఆపేవాడు లేక చెడిన ఆల్బమ్ ఇది.

ఫోన్ స్పీకర్లో అస్సలు వినొద్దు, సగం ఆల్బమ్ బేస్‌లోనే ఉంది, అది ఫోన్లో వినబడనే వినబడదు. నాకు బాగా కుదిరింది రాత్రిపూట కడప నుంచి రాయచోటి పోతుంటే, గువ్వలచెరువు ఘాట్‌లో. ‘స్మాల్ టైమ్ షాట్ అవే’ బేస్‌కు కారు డోర్ ప్యానెల్ సన్నగా అదురుతోంది, ముందు లారీ మలుపు తిరగలేక ఆగితే మేమూ ఆగాం, పాట మాత్రం ఎక్కడా తొందరపడలేదు. పక్కన మా బావ ఓపిగ్గా రెండు పాటలు విని, “ఏందిబ్బా ఇది, ఇంగ పాట మొదలుపెట్టల్యా?” అన్నాడు. పాలకోవా అంగడి దగ్గర బండి ఆపాక ఆయన పాటలే పెట్టుకున్నాం.

కొత్తగా వినేవాళ్లు ‘వాట్ యువర్ సోల్ సింగ్స్’, ‘స్పెషల్ కేసెస్’, ‘బటర్‌ఫ్లై కాట్’, ‘ఆంటీస్టార్’ ఈ నాలుగూ వినండి, నచ్చితే మిగతావాటికి రండి. ‘ఆంటీస్టార్’ నిడివి 20 నిమిషాల దాకా చూపిస్తుంది, భయపడకండి, అసలు పాట ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత వచ్చేది దాచిపెట్టిన ట్రాక్, ఒకే మెషీన్ రొద. నేనైతే అక్కడ ఆపేస్తా.