తెల్లంచు లేని అక్షరాల కోసం ఏపీఎన్‌జీ

విదేశాల్లో పెరుగుతున్న పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించే ఒక చిన్న వెబ్‌సైటును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ప్రతి అక్షరమూ గీత తరువాత గీతగా ఏర్పడుతూ కనిపించాలి. అడుగున ముదురు పచ్చ పలక ఉన్నా, తెల్ల కాగితం ఉన్నా అదే బొమ్మ ఇమిడిపోవాలి. జిఫ్ (GIF) అనే పాత కదిలే బొమ్మల ఫైలుతో నేను పడ్డ అవస్థ అంతా ఈ రెండో అవసరం దగ్గరే. 256 రంగుల పరిమితి నాకు అడ్డు రాలేదు, సుద్దగీతకు అన్ని రంగులు అక్కరలేదు కూడా. అయితే జిఫ్‌లో ఒక చుక్క పూర్తిగా కనిపించాలి, లేదా పూర్తిగా మాయం కావాలి. పాక్షిక పారదర్శకత లేదు. అందువల్ల ‘ఖ’, ‘ఞ’, ‘ఋ’ వంటి వంపుల అక్షరాలు పచ్చ పలక మీద ఎలుక కొరికినట్టుగా, చుట్టూ తెల్లంచుతో కనిపించేవి.

ఏపీఎన్‌జీకి (APNG, అంటే మామూలు పీఎన్‌జీ బొమ్మనే కదిలేలా చేసే పద్ధతి) మారిన రోజే ఆ తెల్లంచు పోయింది. ప్రతి చుక్కకూ 256 స్థాయిల పారదర్శకత ఉండటంతో వంపులు ఏ రంగు మీదనైనా నునుపుగా కలిసిపోయాయి. కదలికలోనూ తేడా ఉంది: జిఫ్ కాలాన్ని సెకనులో నూరో వంతులుగా మాత్రమే కొలుస్తుంది, పైగా ఒక్క వంతు అని రాస్తే బ్రౌజర్లు దానిని పది వంతులకు సాగదీస్తాయి, ఏపీఎన్‌జీలో కాలాన్ని భిన్నంగా రాయవచ్చు కనుక సెకనుకు 60 ఫ్రేములు కచ్చితంగా కుదురుతాయి. ఫైర్‌ఫాక్స్ 2008లోనే తెచ్చిన ఈ పద్ధతికి క్రోమ్‌లో చోటు దొరికింది 2017లో. పీఎన్‌జీ ప్రమాణంలో అధికారికంగా చేరింది 2025లో. ఇంత ఆలస్యానికి కారణమేమిటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ పద్ధతి తెలియని ప్రోగ్రాము ఫైలును తెరిచినా మామూలు పీఎన్‌జీ లాగా మొదటి బొమ్మను చూపిస్తుందన్నది అందరూ మెచ్చుకునే గుణం. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. బొమ్మలను చూసేవారి తెరకు తగినట్టు కుదించి పంపే ఒక బయటి సేవను పెట్టుకున్న కొద్ది రోజులకు, “పాఠం తెరిస్తే ఖాళీ పలకే వస్తోందండీ” అని ఒక తల్లి రాశారు. ఆ సేవ ఫైలును మామూలు పీఎన్‌జీగా ఎంచి, మొదటి బొమ్మను మాత్రమే కుదించి, మిగతా ఫ్రేములన్నిటినీ పారేసింది. అక్షరం దిద్దడం మొదలుకాక ముందు పలక ఖాళీగానే ఉంటుంది గదా! సర్వరు చిట్టాలో ఎక్కడా తప్పు నమోదు కాలేదు, ఎందుకంటే వెళ్లింది నిక్షేపమైన బొమ్మే, అందులో అక్షరం లేదంతే.

పరిష్కారం మళ్లీ ఏపీఎన్‌జీలోనే దొరకడం నేను ఊహించనిది. కదలికలో భాగం కాని ఒక బొమ్మను ఫైలు మొదట్లో ఉంచుకోవడానికి ఆ పద్ధతి వీలు కల్పిస్తుంది; కదలిక తెలిసిన బ్రౌజరు దానిని దాటవేస్తుంది, తెలియనిది దానినే చూపుతుంది. ఇప్పుడు ఆ చోట పూర్తయిన అక్షరాన్ని, గీతల పక్కన వరుస అంకెలతో సహా పెడుతున్నాను. ఎవరు ఎక్కడ ఫ్రేములు ఊడబీకినా పిల్లలకు కనీసం అక్షరం మిగులుతుంది.

ఇదంతా గీతబొమ్మల సంగతి. ఉపాధ్యాయురాలి చేయి కదలికను కెమెరాతో తీసి ఏపీఎన్‌జీగా మార్చి చూస్తే, మొబైల్ డేటాతో చూసేవారికి పంపలేనంత పెద్ద ఫైలు తయారైంది. అలాంటి వాటికి శబ్దం లేని వీడియోయే నయం. వెబ్‌పీ (WebP) అనే మరో బొమ్మల పద్ధతినీ చూశాను. నాణ్యత తగ్గించే వెబ్‌పీలో రంగుల వివరం సగం కొలతలోనే నిలుస్తుంది కనుక సన్నని ఎర్ర బాణం గుర్తులు అలుక్కుపోయాయి. నాణ్యత తగ్గించని వెబ్‌పీ మాత్రం చాలా అక్షరాలకు ఏపీఎన్‌జీ కన్నా చిన్న ఫైలే ఇచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఐప్యాడ్‌లో ఉండే సఫారీ బ్రౌజరు దానిని 2020లో గాని తీసుకోలేదు, మా పిల్లలలో కొందరి చేతుల్లో అంతకన్నా పాత ఐప్యాడ్‌లున్నాయి. మీ పాఠకులందరివీ కొత్త ఫోన్లయితే బహుశా నేను కూడా వెబ్‌పీ వైపే మొగ్గమంటాను. వాట్సాప్ స్టిక్కర్లకైతే వేరే దారి లేదు, అక్కడ చెల్లేది వెబ్‌పీ ఒక్కటే. ఏవిఫ్ (AVIF) అనే ఇంకో పద్ధతి ఫైళ్లు తయారు కావడానికి పట్టే సమయం నా పాత ల్యాప్‌టాప్ మీద భరించలేనిది కనుక దాని గురించి తీర్పు చెప్పను.

ఇక ‘ఋ’ మూడో గీత దగ్గర ఆపి చూడాలనే పిల్లవాడికి ఈ కదిలే బొమ్మల పద్ధతుల్లో ఏదీ అక్కరకు రాదు. చాలా బ్రౌజర్లు ఇలాంటి బొమ్మలకు ఆపే మీట ఇవ్వవు. ఆ కొన్ని కష్టమైన అక్షరాలను, ఒక్కో గీతనూ విడిగా ఉంచి కావలసిన చోట ఆపగలిగే ఎస్‌వీజీ (SVG) పద్ధతిలో మళ్లీ గీస్తున్నాను.