బరంపురంలో ఫారిన్ చదువుల కన్సల్టెన్సీ: పని బాగుంది, డబ్బు దగ్గరే ఆగిపోతున్నాం

మా చెల్లిని జర్మనీలో ఎమ్మెస్‌కి పంపిద్దామని ఇక్కడ ఒడిశాలో, మా బరంపురంలోనే ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం, పేరు రాయట్లేదు. తెలుగులో ఒడియాలో రెండింట్లోనూ చెప్తారు, మా అమ్మకి అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పారు, ఫీజు ఎంతో ముందే చెప్పి రసీదు ఇచ్చారు. నాకు బాగా నచ్చింది కాగితాలు చూసే పద్ధతి. ప్లస్ టూ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా చివర్లో ఉంది, ఇక్కడ తెలుగోళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే కదా, అక్కడి మేడం రెండూ పక్కపక్కన పెట్టి పెన్సిల్‌తో సున్నా చుట్టి ముందు అఫిడవిట్ చేయించుకు రండి, ఏపీఎస్‌కి తర్వాత పంపుదాం అన్నారు. ఏపీఎస్ అంటే మన మార్కుల లిస్టులు చెక్ చేసి ఇచ్చే సర్టిఫికెట్, 2022 నవంబర్ నుంచి జర్మనీ వీసాకి మనవాళ్ళకి తప్పనిసరి చేశారు.

నచ్చనిది ఒక్కటే, మొదట ఫీజులు ఎక్కువున్న ప్రైవేట్ యూనివర్సిటీలే చూపించారు, గట్టిగా అడిగాక గానీ గవర్నమెంట్‌వి బయటకి తీయలేదు. వాటిలో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు!

ఫీజు లేకపోయినా బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే అక్కడ ఉండే ఖర్చులకి ముందే డబ్బు వేసి ఉంచే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకి 992 చొప్పున తీసుకోవాలి, మనలాంటోళ్ళకి అది ఇల్లు తాకట్టు పెట్టే డబ్బు. ఇక్కడ కన్సల్టెన్సీ వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ప్రభుత్వమే ముందుకి రావాలి. తెలంగాణలో ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు ఇస్తున్నారు, అది అక్కడివాళ్ళకే, ఒడిశా తెలుగు పిల్లలకి రాదు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్రం చదువు లోన్ల పథకం మన దేశంలో కాలేజీలకే. ఎస్సీ పిల్లలు, భూమిలేని కూలీల పిల్లలు లాంటివాళ్ళకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి 125, అందులోనూ 2025లో సెలెక్టయిన 106 మందిలో ముందు 40 మందికే లెటర్లు ఇచ్చి మిగతావాళ్ళకి నిధులుంటే ఇస్తామన్నారు. సీటు చేతిలో పెట్టుకుని ఆ పిల్లలు ఎన్ని రాత్రులు నిద్రపోకుండా ఉంటారు చెప్పండి.

బరంపురం యూనివర్సిటీలో విదేశీ చదువులకి ఒక హెల్ప్ డెస్క్, లోనుకి ప్రభుత్వ గ్యారంటీ, చదువయ్యేదాకా వడ్డీ మాఫీ, ఈ మూడూ అడుగుతూ ఎంపీ గారికి అర్జీ రాస్తున్నాం. గంజాం, గజపతి, రాయగడ వైపు పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు కామెంట్‌లో చెప్పండి, సంతకాలకి మేమే వస్తాం.