ఆగే రైలును చూపించే కెమెరా: ఫుల్లర్టన్ స్టేషన్ ప్రత్యక్ష ప్రసారంపై సమీక్ష

రైళ్ల ప్రత్యక్ష ప్రసారాలు చూసేవారిలో ఎక్కువమంది గూడ్స్ బండ్ల కోసమే కాచుకుని ఉంటారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటెయినర్లతో, ముందు మూడు నాలుగు ఇంజన్లతో, ఎంతకీ తెగకుండా సాగిపోయే బండి ఎవరినైనా ఆకట్టుకుంటుంది. ఉద్యోగులను రోజూ అదే వేళకు తెచ్చి దింపి, సాయంత్రం తిరిగి తీసుకుపోయే సబర్బన్ రైలు వారి దృష్టిలో రెండు గూడ్స్ బండ్ల నడుమ వచ్చే చిన్న సందడి మాత్రమే. నాకు ఆ సబర్బన్ రైలే ముఖ్యం. గూడ్స్ బండి దాటిపోవడానికి వస్తుంది, సబర్బన్ రైలు ఆగడానికి వస్తుంది. అందువల్ల ఏ కెమెరానైనా నేను ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను: ఆగిన రైలును అది ఎంత బాగా చూపిస్తుంది? ఈ కొలతతో చూసినప్పుడు, వర్చువల్ రైల్‌ఫ్యాన్ సంస్థ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ స్టేషన్ నుంచి యూట్యూబ్‌లో అందిస్తున్న ప్రసారం నాకు బాగా నచ్చింది.

ముందుగా ఆ చోటు గురించి చెప్పాలి. ఫుల్లర్టన్‌లో శాంటా ఫే రైల్వే 1930లో స్పానిష్ శైలిలో కట్టించిన స్టేషన్ భవనం ఇప్పటికీ ఉంది. పట్టాలను దాటడానికి లిఫ్టులతో కూడిన పాదచారుల వంతెన ఉంది. లాస్ ఏంజెలెస్ నుంచి ఇక్కడి వరకు పట్టాలు బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే సరుకు రవాణా రైల్వేవి. మెట్రోలింక్ సంస్థ నడిపే రెండు సబర్బన్ మార్గాలు ఇక్కడిదాకా కలిసి వచ్చి, స్టేషన్ దాటాక విడిపోతాయి. ఆరెంజ్ కౌంటీ మార్గం దక్షిణానికి మళ్లి సముద్రతీరాన ఉన్న ఓషన్‌సైడ్ వరకు పోతుంది. 91/పెర్రిస్ వ్యాలీ మార్గం తూర్పుగా రివర్‌సైడ్ మీదుగా పెర్రిస్ చేరుతుంది. వీటికి తోడు అమెరికా దూరప్రయాణ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే పసిఫిక్ సర్ఫ్‌లైనర్, చికాగో వెళ్లే సౌత్‌వెస్ట్ చీఫ్ అనే రైళ్లు కూడా ఇక్కడ ఆగుతాయి. ఓడరేవుల నుంచి వచ్చే గూడ్స్ బండ్లు ఎలాగూ ఉంటాయి. ఇన్ని రకాల బండ్లు ఆగే చోటు, ఆగకుండా పోయే చోటు ఒకటే కావడంతో, ఆగడమంటే ఏమిటో పక్కపక్కనే పోల్చి చూడగలం.

ఒక్క రైలు రాకను దగ్గరగా వివరిస్తాను. మొదట దూరాన మూడు దీపాలు కనిపిస్తాయి, పైన ఒకటి, కింద ఇరుపక్కలా రెండు. ఆ త్రిభుజం చాలాసేపు కదలనట్టే ఉండి, ఉన్నట్టుండి పెద్దదవుతుంది. గంట మోత వినిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద ఫోన్లలో మునిగిన వారు తల ఎత్తకుండానే రెండడుగులు ముందుకు వేస్తారు. ఏ తలుపు ఎక్కడ ఆగుతుందో వారికి తెలుసు. రైలు నిలిచాక కండక్టర్ దిగి, చక్రాల కుర్చీలో వచ్చినవారు ఎవరైనా ఉంటే, ప్లాట్‌ఫారం మీద ఎత్తుగా కట్టిన చిన్న వేదికకూ పెట్టె తలుపుకూ మధ్య ఒక పలకను వారధిగా పరుస్తాడు. కుర్చీ లోపలికి వెళ్లగానే పలక తీసి, బండి పొడవునా ఒకసారి చూసి, తాను ఎక్కుతాడు. తలుపులు మూసుకుంటాయి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో జరిగిపోతుంది. దీనికోసమే నేను ఈ ప్రసారాన్ని తెరుస్తాను.

కొత్తగా చూసేవారిని తికమకపెట్టే విషయం ఒకటుంది. ఒక వైపు వెళ్లే రైలుకు ఇంజను ముందుంటే, ఎదురు దిశలో వచ్చే రైలుకు ఇంజను వెనక ఉండి తోస్తుంటుంది. లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో పట్టాలు అక్కడితో ముగిసిపోతాయి కనుక, వచ్చిన బండిని తిప్పకుండా అలాగే వెనక్కి నడపడానికి అనువైన పుష్‌పుల్ పద్ధతి ఇది. ఇంజను వెనక ఉన్నప్పుడు డ్రైవర్ అవతలి చివరి పెట్టెలో ఉన్న గదిలో కూర్చుని నడుపుతాడు. ఆ చివరి పెట్టెల్లో దక్షిణ కొరియాలో హ్యుందాయ్ రోటెమ్ రూపొందించినవి ఉన్నాయి. ఢీకొన్నప్పుడు ఆ తాకిడిని పెట్టె చివరి భాగాలే నలిగి గ్రహించేలా వాటిని తయారుచేశారు. 2008లో చాట్స్‌వర్త్ దగ్గర మెట్రోలింక్ రైలు గూడ్స్ బండిని ఢీకొని 25 మంది చనిపోయిన సంగతి తెలిసినవారికి, ఆ మొండి ముక్కు పెట్టె ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే దాన్ని చూసే చూపు మారుతుంది. ఇంజన్లలో 4,700 హార్స్‌పవర్ గల ఎఫ్ 125 రకాన్ని దాని వాలు ముఖాన్ని బట్టి సులభంగా పోల్చుకోవచ్చు.

ఆగిన రైలును చూపించాలంటే కెమెరా కూడా ఓపికగా ఒకచోట నిలవాలి. ఇంతకుముందు నేను డబ్బు కట్టి చూసిన వేరొక సర్వీసులో కెమెరాను దూరం నుంచి అటూ ఇటూ తిప్పేవారు. సబర్బన్ రైలు ఆగి తలుపులు తెరుచుకునే సరికి, పక్క పట్టాల మీద గూడ్స్ ఇంజను కనిపించిందని చూపు అటు తిప్పేశారు. మళ్లీ ఇటు తిప్పేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. ఇలా పదేపదే జరిగింది. ఫిర్యాదు రాస్తే ఎక్కువమంది కోరేది గూడ్స్ బండ్లనే అని జవాబిచ్చారు. వారి లెక్క నిజమే కావచ్చు గాని, ప్రయాణికుల రైలు ఆగిన ఆ కాస్త సేపైనా కెమెరాను కదపకుండా ఉంచడం పెద్ద కోరిక కాదు. ఫుల్లర్టన్ ప్రసారంలో నేను చూసిన పూటల్లో ఈ బాధ కలగలేదు. బండి రావడం, ఆగడం, వెళ్లిపోవడం మూడూ ఒకే చూపులో దొరికాయి.

ప్రత్యక్ష ప్రసారమన్నంత మాత్రాన ఆ క్షణానిదే కనిపిస్తుందని అనుకోకూడదు. వీడియోను చిన్న ముక్కలుగా చేసి పంపుతారు కాబట్టి మనకు చేరేసరికి కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది. మెట్రోలింక్ టైంటేబుల్ పక్కన పెట్టుకుని, బండి సరిగ్గా వేళకు వచ్చిందా అని సరిచూసే అలవాటున్నవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. ప్రసారాన్ని వెనక్కి జరుపుకునే వీలు సబర్బన్ రైళ్లను ఇష్టపడేవారికి చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే ఉదయం రద్దీ వేళ మనకు మెలకువగా ఉండే వేళ కాకపోవచ్చు. నేను చాలాసార్లు గంటల క్రితపు ఉదయాన్ని వెనక్కి వెళ్లి చూశాను.

చీకటి పడ్డాక ఏ రైలు కెమెరాకైనా కష్టమే. ఎదురుగా వచ్చే దీపాల వెలుగులో ఇంజను ఆకారం కరిగిపోతుంది, నంబరు చదవడం కుదరదు. కానీ ఆగిన తర్వాత రెండంతస్తుల పెట్టెల కిటికీలు లోపలి దీపాలతో వెలుగుతుంటే, పై వరుసలో తల వాల్చి కూర్చున్నవారి ఆకారాలు లీలగా తెలుస్తాయి. ముఖాలు గుర్తుపట్టేంత దగ్గరగా కనిపించకపోవడం నాకు లోపంగా తోచలేదు, అలాగే ఉండాలి.

శబ్దం తప్పనిసరిగా పెట్టుకుని చూడండి. పక్కన సాగే చాట్‌ను నేను మూసే ఉంచుతాను, అందులోనూ మాటలన్నీ గూడ్స్ ఇంజన్ల చుట్టూనే తిరుగుతాయి. వారాంతాల్లో సబర్బన్ బండ్లు బాగా తగ్గిపోతాయి కాబట్టి మొదటిసారి చూడదలచినవారు పనిదినం ఎంచుకోవాలి. అక్కడి సమయం ప్రకారం ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోపు గాని, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నరలోపు గాని తెరవండి. సాయంత్రమైతే లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన రైలు దిగినవారంతా ఒక్కసారిగా వంతెన వైపు నడుస్తారు. రెండు మూడు నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది, దూరాన మళ్లీ మూడు దీపాలు కనిపిస్తాయి.