సర్కారు జీతమా, ప్రైవేటు జీతమా: పన్ను అసలు ఎవరి జేబులోంచి పోతోంది?

"మేం కట్టే పన్నులతోనే మీకు జీతాలు" అంటాడు ప్రైవేటు ఉద్యోగి. "మా జీతంలో పైసా దాచుకునే వీల్లేదు, పన్నంతా మా దగ్గరే గుంజుతున్నారు" అంటాడు సర్కారు ఉద్యోగి. హనుమకొండలో ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా బావాబామ్మర్దులు పక్కపక్కన కూర్చుంటే మూడో ముద్దకే ఈ పంచాయితీ మొదలవుతుంది. నేను రిటర్నులు నింపే పనిలో ఉన్నాను కాబట్టి ఇద్దరి ఫారం-16లూ (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితాలు) నా టేబుల్ మీదికే వస్తాయి. ముందు కాగితాలు చూద్దాం, తర్వాత కొట్లాడుకోవచ్చు.

జీతం ఒకటే అయితే పన్నూ ఒకటే. ఒకాయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీనియర్ లెక్చరర్, ఇంకొకాయన మడికొండ ఐటీ పార్కులో టీమ్ లీడ్ అనుకుందాం. ఇద్దరికీ ఏడాదికి 15 లక్షలు. 2025-26 లెక్కల ప్రకారం కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 14.25 లక్షలు మిగులుతుంది. మొదటి 4 లక్షలకు సున్నా, తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆపై 4 లక్షలకు 10 శాతం, మిగిలిన 2.25 లక్షలకు 15 శాతం. మొత్తం 93,750. దాని మీద 4 శాతం సెస్సు 3,750 కలిపితే 97,500. సర్కారువాళ్లకు ఒక స్లాబు, ప్రైవేటువాళ్లకు ఒక స్లాబు అని ఎక్కడా లేదు. వృత్తి పన్ను కూడా ఇద్దరికీ నెలకు 200.

తేడా ఉన్నది కోత పడే తీరులో. టీమ్ లీడ్‌కు ఏప్రిల్ నుంచే నెలనెలా కొంచెం కొంచెం కోస్తూ పోతారు, ఆయనకు అలవాటైపోతుంది. లెక్చరర్లు, టీచర్లలో చాలామంది డిసెంబర్ దాకా ఆ ఊసే ఎత్తరు. తీరా టాక్స్ షీట్లు తయారుచేసి డీడీవోకు, అంటే జీతాల బిల్లు పెట్టే అధికారికి, ఇచ్చేసరికి మిగిలిన పన్నంతా ఫిబ్రవరి బిల్లు మీద పడుతుంది. "ఫిబ్రవరి జీతం మనది కాదు" అనే మాట స్టాఫ్ రూమ్‌లో వినపడని ఏడాది లేదు. ఒకే దెబ్బకు పోయిన డబ్బు ఎక్కువ నొప్పి పెడుతుంది, అంతే. అన్నట్టు, ఇంటి అద్దె చూపించి పన్ను తగ్గించుకునే పాత విధానం బాగా నడిచిన రోజుల్లో అద్దె రసీదుల సీజన్ ఒకటి ఉండేది. సొంతింట్లో ఉంటూ తమ్ముడి సంతకంతో రసీదులు తెచ్చినవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం బావాబామ్మర్దులకు ఎప్పుడూ తగాదా రాలేదు.

పైగా కొత్త విధానంలో రిబేటు పోను 12.75 లక్షల దాకా జీతం ఉన్నవాళ్లకు ఇప్పుడు ఆదాయపు పన్నే లేదు. అంటే పెళ్లి పందిట్లో గొంతు చించుకుంటున్న వాళ్లలో ఎక్కువమంది తాము కట్టని పన్ను గురించే పోట్లాడుకుంటున్నారు.

ఇక అసలు వాదన. "సర్కారు ఉద్యోగి పన్ను కట్టడమేంటి, ఖజానా డబ్బు ఖజానాకే తిరిగి పోతోంది కదా" అని ప్రైవేటు వైపు నుంచి వచ్చే మాట. కేంద్ర ఉద్యోగి విషయంలో ఇది కొంతవరకు నిజమే, ఢిల్లీ ఇచ్చిన జీతంలోంచే ఢిల్లీ కోసుకుంటుంది. కానీ మన లెక్చరర్ రాష్ట్ర ఉద్యోగి. ఆయనకు జీతం ఇచ్చేది హైదరాబాద్, ఆయన ఆదాయపు పన్ను పోయేది ఢిల్లీకి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పెట్టిన సూత్రం ప్రకారం పంచుకునే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ పోతుంది. అందులో ఆ కాలానికి తెలంగాణ వాటా 2.102 శాతం. సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు. లెక్క వేసి చూడండి: లెక్చరర్ కట్టిన 93,750లో 41 శాతం అంటే సుమారు 38,400, అందులో మన వాటా 800 చిల్లర. దేశమంతా కట్టిన పన్నులోంచి కూడా అదే వాటా మనకు వస్తుంది, కాబట్టి తెలంగాణకు మొత్తంగా దక్కేది 800 కాదు. కానీ ఈ ఒక్క మనిషి పన్ను వరకు చూస్తే, హైదరాబాద్ ఖజానాలోంచి బయటికి పోయిన డబ్బు వెనక్కి వచ్చినట్టు కాదు. "తిరిగి ఖజానాకే" అనే వాళ్లు ఏ ఖజానాకో చూసుకోవాలి.

రెండో సంగతి, వరంగల్‌లో ప్రైవేటు అనేది మనం అనుకున్నంత ప్రైవేటు కాదు. సర్కారు ఆసుపత్రి ఎంజీఎంలో నర్సు ఇచ్చే ఇంజెక్షనే ప్రైవేటు ఆసుపత్రి నర్సూ ఇస్తుంది. ఆ ప్రైవేటు ఆసుపత్రి వార్డులో ఉన్న పేషెంట్ ఆరోగ్యశ్రీ కార్డు మీద చేరితే బిల్లు కట్టేది సర్కారే. 2007లో మొదలైన ఆ పథకం పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఇంజనీరింగ్ కాలేజీల సంగతి ఇంకా తెలిసిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆగితే మొదట ఆగేది లెక్చరర్ల జీతం. "ఇంకా రిలీజ్ కాలేదు" అనే మాట కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో ఎన్నిసార్లు వింటారో ఆ లెక్చరర్లనే అడగండి. రోడ్డు కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్, మిషన్ భగీరథ పైపులు వేసిన కంపెనీ ఇంజనీరు, వీళ్లందరి జీతం ఎక్కడిది? మేం కట్టే పన్నులతో మీరు బతుకుతున్నారు అనే ముందు, మన యజమానికి బిల్లు ఎవరు కడుతున్నారో ఒకసారి చూసుకుంటే సగం గొడవ ఆగుతుంది.

ఇటు నుంచి చూస్తే సింగరేణి కార్మికుడు ఇంకో తమాషా. కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అందరి దృష్టిలో అది సర్కారు కొలువే. కానీ భూపాలపల్లిలోనో మందమర్రిలోనో ఆయన జీతం వచ్చేది బొగ్గు అమ్మిన డబ్బులోంచి, పన్నులోంచి కాదు. ఓవర్‌టైమ్, ప్లే డే (సెలవు రోజు పని) డబ్బులు, దసరా ముందు వచ్చే లాభాల వాటా అన్నీ కలిపి జీతంగానే లెక్కకొస్తాయి, పన్ను పడుతుంది. భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఆదాయపు పన్ను తీసేయాలని అక్కడి యూనియన్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ డిమాండ్ నాకు పూర్తిగా ఒప్పనిపించదు, పని కష్టాన్ని బట్టి పన్ను మొదలుపెడితే ఎక్కడ ఆపుతాం? కానీ పన్ను తినే ఉద్యోగి అని ఆయన్ను అనడం మాత్రం శుద్ధ తప్పు.

అసలు తేడా బయటపడేది రిటైర్మెంట్ రోజున. అక్కడ చట్టం నిజంగానే ఇద్దరినీ వేరుగా చూస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగి గ్రాట్యుటీ మీద పన్ను అసలే లేదు, ప్రైవేటు ఉద్యోగికి 20 లక్షల దాకా లేదు. చెప్పుకోవడానికి పెద్ద తేడాలా ఉంటుంది కానీ, 2020 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత రాష్ట్రంలో గ్రాట్యుటీ గరిష్ఠం 16 లక్షలే కాబట్టి ఆ సౌకర్యం మన టీచర్లకు కాగితం మీదే. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌లో, అంటే వాడని సెలవులకు ఇచ్చే డబ్బులో, మాత్రం తేడా ఉంది: సర్కారువాళ్లకు మొత్తం మినహాయింపు, ప్రైవేటువాళ్లకు 25 లక్షల దాకా. అసలు చాలా ప్రైవేటు కంపెనీల్లో సెలవులు పోగేసుకోనిస్తేనే కదా డబ్బు చేసుకునేది! పెన్షన్ కమ్యుటేషన్ డబ్బు (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునేది) కూడా ప్రభుత్వ ఉద్యోగికి పన్ను లేకుండా వస్తుంది.

ఆ తర్వాత నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం జీతంతో సమానం. దాని మీద బతికినంతకాలం పన్ను పడుతుంది. ప్రైవేటు ఉద్యోగికి పీఎఫ్ డబ్బు ఐదేళ్ల సర్వీసు దాటితే పన్ను లేకుండా చేతికొస్తుంది. ఇది వినగానే ప్రైవేటే మేలు అనిపిస్తుంది. కానీ ఈపీఎఫ్ పెన్షన్ లెక్క చూడండి: జీతం ఎంతున్నా చాలామందికి 15,000 పరిమితి మీదే లెక్క కడతారు, దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 35 ఏళ్లు చేసినా నెలకు 7,500. దాని మీద పన్ను ఎలా పడుతుంది? రిటైరైన హెడ్మాస్టర్ ఒకాయన ఏటా జూలైలో నా దగ్గరికొచ్చి పెన్షన్ మీద పన్ను గురించి తిట్టుకుంటూ సంతకం పెడతారు. "సార్, పన్ను పడేంత పెన్షన్ వస్తోందంటే సంతోషించాలి" అంటే నవ్వేస్తారు.

సర్కారు వైపు కూడా అందరూ ఒకటి కాదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి వాటా కట్టి పోగేసుకునే పెన్షన్ పథకంలో, ఉన్నారు. బేసిక్, డీఏల్లో పది శాతం వాళ్ల జీతంలోంచి కోస్తారు, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది. రిటైరయ్యాక పోగైన దాంట్లో 60 శాతం పన్ను లేకుండా తీసుకుని, మిగతా 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనుక్కోవాలి. అంటే 2003 డీఎస్సీ కన్నా ముందు చేరిన టీచరుకూ, తర్వాతి డీఎస్సీల్లో వచ్చిన టీచరుకూ మధ్య ఉన్న దూరం, చాలాసార్లు సర్కారుకూ ప్రైవేటుకూ మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఇక 2024 మార్చి తర్వాత రిటైరైనవాళ్లు రావాల్సిన డబ్బు కోసం ధర్నాలు చేయడం చూస్తున్నాం. పన్ను లేకుండా రావాల్సిన సొమ్ము అసలు రాకపోతే ఆ మినహాయింపును ఏం చేసుకోవాలి?

ప్రైవేటు వైపు ఉన్న పెద్ద టెన్షన్ వేరే. కొన్ని చిన్న సంస్థలు జీతంలో టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోస్తాయి, ప్రభుత్వానికి కట్టవు. మా బంధువుల అబ్బాయికి అలాగే అయ్యింది. పేస్లిప్‌లో కోత కనిపిస్తోంది, మన పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో ఒక్క రూపాయీ లేదు, ఇంటికి మాత్రం నోటీసు వచ్చింది. కోసుకున్న పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని చట్టంలో ఉంది, కానీ ఆ మాట పోర్టల్‌కు అర్థమయ్యేదాకా పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరగాల్సిందే. సర్కారు ఆఫీసుల్లోనూ డీడీవో 24క్యూ (కోసిన పన్ను వివరాల రిటర్ను) ఆలస్యంగా వేస్తే ఇదే తంటా, కాకపోతే అక్కడ డబ్బు ఎటూ పోదు. మూడు నెలలకోసారి 26ఏఎస్ తెరిచి చూసుకోమని ప్రైవేటువాళ్లకు మరీ గట్టిగా చెబుతాను.

ఏది మేలు అని నన్నడిగితే, పన్ను చూసి ఉద్యోగం ఎంచుకునేవాడు అమాయకుడు. పాత పెన్షన్ ఉన్న సర్కారు కొలువు జీవితం మొత్తం మీద ఎక్కువ పన్ను కట్టిస్తుంది, ఎందుకంటే జీవితం మొత్తం మీద ఎక్కువ ఇస్తుంది. ప్రైవేటు కొలువు నడివయసులో గట్టిగా కట్టించుకుని, అరవై దాటాక వదిలేస్తుంది, అప్పటికి ఇవ్వడం కూడా మానేస్తుంది.

వీళ్లిద్దరూ పోట్లాడుకుంటుంటే పక్క వీధిలో నవ్వుకునేవాళ్లు వేరే ఉన్నారు. ఏడాదికి కోటిన్నర టర్నోవర్ ఉన్న షాపు, అమ్మకాలన్నీ డిజిటల్ అయితే, అంచనా పద్ధతిలో 6 శాతం లాభం చూపిస్తే చాలు: 9 లక్షలు, పన్ను సున్నా. 24 లక్షల రాబడి ఉన్న క్లినిక్ డాక్టరు సగం ఆదాయంగా చూపిస్తే 12 లక్షలు, మళ్లీ సున్నా. ఇదంతా చట్టబద్ధమే, డాక్టరుకు అద్దె, కాంపౌండర్ ఖర్చులూ ఉంటాయి, కాదనను. కానీ 15 లక్షల జీతగాడికి 97,500 పడినచోట ఈ సున్నాలు కొంచెం గుచ్చుకుంటాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోవడం గురించి చాలామంది రైతును తిడతారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు పెట్టుబడి పోను పన్ను పడేంత మిగిలితే కదా. నా చికాకు అంతా, ఎన్నడూ పొలం గట్టెక్కకుండా రిటర్నులో మాత్రం భారీగా పంట పండించేవాళ్ల మీదే.

ఆదాయపు పన్ను కట్టనివాళ్లు పన్నే కట్టరనుకుంటే అదీ పొరపాటు. పెట్రోల్ మీద రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం, దానికి తోడు కేంద్ర ఎక్సైజు. ఫోన్ రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ. సబ్బు, టూత్‌పేస్టు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5 శాతానికి దిగాయి, అది నిజంగా మంచి పని. కానీ బంకులో నూరు రూపాయలు పోయించుకునే ఆటో డ్రైవర్‌కూ, కారులో వచ్చిన ఆఫీసర్‌కూ ఒకటే రేటు.

ఇందులో అన్నిటికన్నా అన్యాయంగా నాకు కనిపించేది వృత్తి పన్ను. కలెక్టరేట్‌లో అవుట్‌సోర్సింగ్ అటెండర్ ఉన్నాడు. కూర్చునేది సర్కారు ఆఫీసులో, జీతం ఏజెన్సీ నుంచి. సర్కారువాడని బయటివాళ్లు అంటారు, బయటివాడని సర్కారువాళ్లు అంటారు. 2021 సవరణ ప్రకారం కింది స్థాయి జీతం 15,600. 15,000 దాటింది కాబట్టి నెలకు 150 వృత్తి పన్ను, పీఎఫ్, ఈఎస్ఐ కోతలు వేరే. ఏడాదికి 1,800 అంటే జీతంలో దాదాపు ఒక శాతం. 12.75 లక్షల జీతగాడు కట్టేది 2,400, అది అర శాతంలో సగం కూడా కాదు. అటెండర్ మీద భారం దాదాపు ఐదింతలు. పై హద్దు ఏడాదికి 2,500 అని 1988లో రాజ్యాంగ సవరణతో పెట్టారు, దాన్ని పెంచడం రాష్ట్రం వల్ల కాదు. కింది హద్దు మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది. 15,000ను 25,000 చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఉద్యోగ సంఘాలు డీఏ కోసం ఇచ్చే మెమొరాండంలో ఈ ఒక్క లైను కూడా చేర్చితే బాగుండు.