కర్రిగాని పడక: నాలుగేళ్లు, ఐదు చోట్లు

మా కర్రిగాడు ల్యాబ్రడార్ కలిసిన నాటు కుక్క. బరువు 28 కిలోలు. 2021లో హన్మకొండలోని మా ఇంటికి వచ్చేనాటికి వాడికి నాలుగు నెలలు. ఆన్‌లైన్‌లో గుండ్రటి ఫోమ్ పరుపు తెప్పించాను. ఐదు నెలలకే నడుమ అప్పడమైంది. దాని సంగతి అంతకంటే రాయడం దండగ. నన్ను అసలు తిప్పలు పెట్టింది దాన్ని ఎక్కడ వెయ్యాలన్నదే.

కుక్క అంటే కాపలా కదా అని మొదట తలుపు పక్కనే వేశాను. తెల్లారి ఐదింటికి పాల ప్యాకెట్ల అబ్బాయి గేటు తీస్తే లేచేవాడు. చెత్త బండి పాట వినపడితే లేచేవాడు. పక్కింటాయన స్కూటర్ స్టార్ట్ చేసినా లేచేవాడు. కుక్కలు రోజులో సగం నిద్రలోనే గడుపుతాయి. మావాడికి గంట కూడా సరిగ్గా కన్ను మూతపడేది కాదు. ఒకరోజు మా పాప పరుగెత్తుతూ తోక తొక్కింది. గుర్రుమని పళ్లు చూపించాడు. నాకు ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం నన్నే తిట్టింది. "వాన్నెందుకు అంటవ్ బిడ్డా? నడిచే తొవ్వల పండబెట్టింది నువ్వే గద!"

సరే, నిమ్మళంగా ఉంటాడని మెట్ల కింది మూలకు మార్చాను. ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకోలేదు. పరుపు అక్కడ, వాడు మా పడకగది గడప మీద గడ్డం ఆనించి ఇక్కడ. పైగా ఆ వానాకాలం చెవుల్లో గోమార్లు. మందు వేసినా పది రోజులకు మళ్లీ వచ్చేవి. గోడ పగుళ్లు చూశారా అని డాక్టర్ అడిగాకే అర్థమైంది. రక్తం తాగిన గోమారి కుక్కను వదిలి దిగిపోయి పగుళ్లలో గుడ్లు పెడుతుంది. మెట్ల కింద ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ దానికి పుట్టిల్లు. సందులన్నీ సిమెంటుతో మెత్తించి, పరుపు పారేశాక గానీ పీడ వదల్లేదు.

మూడోది కూలర్ ముందు. మేలో 43, 44 డిగ్రీలు ఉంటే ఎవరికైనా అదే తోస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. కిటికీలు మూసి కూలర్ వేస్తే గదంతా చెమ్మ. ఆ చెమ్మలో రొప్పినా వేడి సరిగ్గా దిగదు. పాతదాని బదులు వేసిన పరుపు కూడా తేమ పీల్చి, నానబెట్టి మరిచిపోయిన గోనెసంచి వాసన కొట్టింది. వాడు దాన్ని వదిలేసి కప్పలా వెనక కాళ్లు చాపి తాండూరు బండల మీద పొట్ట ఆనించేవాడు. చల్లగా బాగానే ఉండేది కానీ, ఆరు నెలలకు మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి, చర్మం ఎండు వక్కలా గట్టిపడింది. బరువైన కుక్కలకు గట్టి నేల మీద జరిగేది ఇదే.

అప్పుడు మా పాప ఒక పని చేసింది. సెలవుల్లో వారం రోజులు కర్రిగాడు తనంతట తాను ఎక్కడ పడుకుంటే అక్కడ చాక్‌పీసుతో సున్నా చుట్టింది. ఇల్లంతా సున్నాలే. వాటిలో సగానికి పైగా ఒకే చోట, హాల్లో సోఫాకూ పడకగది గోడకూ మధ్య ఉన్న మూల. వీపుకు గోడ ఉంది, ఎవరూ దాటుకుంటూ పోరు, తల ఎత్తితే వంటగదిలో అమ్మ కనిపిస్తుంది. నాకు రెండేళ్లు పట్టిన లెక్క పాప ఒక డబ్బా చాక్‌పీసులతో తేల్చేసింది.

ఆ మూలకు సరిపోయేలా వెల్డింగ్ షాపులో ఇనుప పైపులతో ఎనిమిది అంగుళాల ఎత్తు చట్రం చేయించి, నవారు అల్లించాను. అంతా కలిపి 1,200 రూపాయలు. కొలతకు వాడు కాళ్లు చాపి పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా టేపు పెట్టి, పైన జానెడు కలిపాను. కింద గాలి ఆడుతుంది, ఎండాకాలానికి ఇదే సరైంది. పైన వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా ముక్క. పోగులు లేచి ఉండవు కాబట్టి గోళ్లు చిక్కుకోవు, ఉతికితే పూటలో ఆరుతుంది. 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే ముద్ర) వచ్చిన జంపఖానాను కుక్క కింద పరుస్తావా అని మా బామ్మర్ది ఇప్పటికీ ఎక్కిరిస్తాడు.

చలికాలం మాత్రం ఆ మూల పనికిరాలేదు. కిటికీ సందులోంచి తెల్లవారుజామున ఈదురు వస్తుంది. డిసెంబర్, జనవరిలో మంచాన్ని పడకగది లోపలికి జరుపుతాను, కిందికి పాత బొంత వేలాడదీస్తాను. దీపావళికి ఏ చోటూ లెక్కలోకి రాదు. వాడు అమ్మ మంచం కిందే దూరతాడు. బయటికి లాగడం మానేసి, ఉతకని జంపఖానాను అక్కడికే తోస్తాను. తన వాసన తగిలితే వణుకు కొంచెం తగ్గుతుంది.

లోపాలూ చెప్పాలి. నవారు నాలుగు నెలలకోసారి ఊయలవుతుంది, బిగించుకోవాలి. అర్ధరాత్రి వాడు మూడు చుట్లు తిరిగి పడుకుంటే కిర్రుమంటుంది. మంచం కోళ్లకు పెట్టిన రబ్బరు బుడిపెలు అరిగి బండల మీద గీతలు పడ్డాయి. వయసు మీదపడి కీళ్లు పట్టేశాక ఎనిమిది అంగుళాలు ఎక్కడం కష్టమే. అప్పటికి కోళ్లు సగానికి కోయించాలి. వెల్డింగ్ అన్న మాత్రం ఈసారి కుక్కనూ తోలుకొని రమ్మన్నాడు, ఎవరి మంచమో చూడాలట.