ఇద్దరి కాఫీకి ఏది మేలు: స్టీలు ఫిల్టరా, మోకా పాటా, మెషీనా?

ఇంట్లో ఉండేది ఇద్దరే. పొద్దున చెరో కప్పు, సాయంత్రం చెరో కప్పు. పండక్కి చుట్టాలొస్తే ఇంకో నాలుగు కప్పులు. ఇలాంటి ఇంటికి కాఫీ మేకర్ కొందామని బయల్దేరితే కనబడేవి చాలావరకు పెద్ద కుటుంబానికో, ఆఫీసుకో సరిపడేవి. ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, గ్యారంటీ ఎన్నేళ్లు అని అందరూ అడుగుతారు. దీంట్లో రెండు కప్పులే చేస్తే రుచి ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం. ఎనిమిది కప్పులకు బాగా పనిచేసే సాధనం రెండు కప్పులకు పలచటి కాఫీ ఇవ్వడం మామూలే. దానికి కారణమూ ఉంది.

ఇక్కడ నేను మాట్లాడుతున్నది పాలు కలిపిన కాఫీ గురించి. కప్పులో సగానికి పైగా పాలే ఉంటాయి కాబట్టి డికాషన్ చిక్కగా ఉండి తీరాలి. పలచటి డికాషన్ ఎంత పోసినా పాలు నీళ్లవుతాయే తప్ప కాఫీ రుచి రాదు.

ముందుగా మన స్టీలు ఫిల్టర్. పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెడతాం. నీళ్లు తమ బరువుతోనే పొడిలోంచి దిగుతాయి, వేరే ఒత్తిడేమీ ఉండదు. అందుకే పొడి ఎంత మందంగా పరుచుకుంది అన్నదాన్ని బట్టే చిక్కదనం. ఇద్దరికి 20 గ్రాముల పొడి, 120 మి.లీ. నీళ్లు అనుకుందాం. తడిసిన పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 80 మి.లీ. దాకా. చెరో 40 మి.లీ. డికాషన్‌లో 100 మి.లీ. పాలు కలిపితే మంచి కాఫీ. ఇదే 20 గ్రాములు ఆరేడుగురికి సరిపడే వెడల్పాటి ఫిల్టర్‌లో వేస్తే పొడి అడుగున పలచగా పరుచుకుంటుంది, పోసిన నీళ్లు చారులా జారిపోతాయి. "మా ఫిల్టర్‌లో డికాషన్ చిక్కగా రావట్లేదు" అనే ఇళ్లలో చాలాసార్లు తప్పు పొడిది కాదు, ఫిల్టర్ సైజుది. రేపు ఎవరైనా వస్తారేమోనని పెద్దది కొనొద్దు. ఇద్దరికి చాలే చిన్నది కొనండి, చుట్టాలకు ఇంకో పెద్దది విడిగా ఉంచుకోండి. రెండూ కలిపినా మెషీన్ ధరలో చిన్న భాగమే అవుతుంది.

పొడి సంగతి కూడా చెప్పాలి. కాఫీ పొడిలో కలిపే చికోరీ (ఒక మొక్క వేరును వేయించి ఆడించిన పొడి) నీళ్లను పట్టి ఉంచి, దిగడాన్ని నెమ్మది చేస్తుంది, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. స్టీలు ఫిల్టర్‌కు కాఫీ, చికోరీ 80:20, 70:30 పాళ్లలో ఉన్న పొడి అంత బాగా కుదరడానికి కారణం అదే. నిబంధన ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే దాదాపు సగం చికోరీ ఉన్న పొడి కూడా చట్టప్రకారం అమ్మవచ్చు. ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది, చదివి కొనండి. చికోరీ లేని పొడి వాడేవాళ్లు, ముఖ్యంగా అరకు అరబికా ఇష్టపడేవాళ్లు, కాస్త మెత్తగా ఆడించుకుని కొంచెం గట్టిగా అదమాలి. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) దుకాణాల్లో దొరికే ఆ పొడి పాలల్లో కూడా సువాసన పోగొట్టుకోదు. నాకు 85:15 పాళ్లలో కలిపింది నచ్చుతుంది, అది ఎవరి నాలుక వాళ్లది.

ఫిల్టర్‌తో ఉన్న ఇబ్బంది ఒక్కటే, సమయం. దిగడానికి పదిహేను నిమిషాల నుంచి అరగంట పడుతుంది. రాత్రి పడుకునే ముందు వేసి పెట్టుకునేవాళ్లకు అదో సమస్యే కాదు. పొద్దున దిగిన డికాషన్ సాయంత్రానికి ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది, మర్నాటికి రుచి పడిపోతుంది. చిల్లులు మూసుకుపోతే పై గిన్నెను స్టవ్ మంట మీద కాసేపు కాల్చి, చల్లారాక బ్రష్‌తో రుద్దితే చాలు. ఇత్తడి ఫిల్టర్ వేడిని ఎక్కువసేపు నిలుపుతుంది, చూడ్డానికీ అందంగా ఉంటుంది. కానీ లోపల కళాయి పోతే మళ్లీ వేయించాలి, ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు అన్ని ఊళ్లలో దొరకరు. రోజువారీకి స్టీలే.

దీనికి నిజమైన పోటీ మోకా పాట్. ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చిన సాధనం. కింది గిన్నెలో నీళ్లు, మధ్య జల్లెడ గిన్నెలో పొడి. స్టవ్ మీద పెడితే ఆవిరి ఒత్తిడికి నీళ్లు పొడిలోంచి పైకి తన్నుకొస్తాయి. పాలు పొంగేలోపు డికాషన్ సిద్ధం. పొద్దున ఏడింటికి బస్సు అందుకోవాల్సిన ఇంట్లో దీనికి సాటి లేదు. చిక్కదనంలో స్టీలు ఫిల్టర్‌కు తీసిపోదు, కొంచెం చేదు ఎక్కువ. పైకి రావడం పూర్తవుతూ గురగురమనే చప్పుడు మొదలవగానే దించేస్తే ఆ చేదు చాలా తగ్గుతుంది.

ఇక్కడా సైజే కీలకం. మోకాలో సగం పొడి వేసి సగం చేయడం కుదరదు, జల్లెడ నిండా పొడి ఉండాలి. 3 కప్పుల సైజు అని రాసి ఉంటే అవి ఇటలీ వాళ్ల చిట్టి కప్పులు. మొత్తం 130 మి.లీ. లోపే వస్తుంది, అంటే మన ఇద్దరి పాల కాఫీకి సరిగ్గా సరిపోతుంది. 6 కప్పులది కొంటే రోజూ సగం మిగిలిపోతుంది. కొనే ముందు ఇంకొన్ని చూసుకోవాలి. అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు, దానికి ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుదే కావాలి. చిన్న సైజుది మన గ్యాస్ స్టవ్ కడ్డీల మధ్య ఆనక పక్కకు ఒరుగుతుంది, పైన చిన్న వైరు స్టాండు పెట్టుకోవాలి. చికోరీ పొడి దీంట్లో వద్దు. జల్లెడ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, సేఫ్టీ వాల్వ్ ఉన్నది దానికే అయినా రోజూ దాన్ని పరీక్షించడం మంచిది కాదు. పొడి కూడా మరీ మెత్తగా ఉండకూడదు, గట్టిగా అదమకూడదు. ఇంకోమాట, దీన్ని రోజూ మర బిగించాలి, విప్పాలి. మా అమ్మలాగా వేళ్ల కీళ్లనొప్పులున్నవాళ్లు దాన్ని విప్పలేరు. పెద్దవాళ్లే కాఫీ కలిపే ఇల్లయితే మోకా మానుకోవడమే మంచిది.

ఎలక్ట్రిక్ డ్రిప్ మెషీన్‌కు ఆకర్షణ అంతా స్విచ్‌లో ఉంది. నీళ్లు పోసి, పొడి వేసి, నొక్కి పక్క పని చూసుకోవచ్చు. కానీ చాలావాటి బుట్ట ఆరు నుంచి పది కప్పులకు చేసింది. ఇద్దరికి చేస్తే ఆ వెడల్పాటి బుట్టలో పొడి పలచబడి, పెద్ద ఫిల్టర్‌లో చెప్పుకున్న కష్టమే మళ్లీ వస్తుంది. చికోరీ పొడి వేస్తే నైలాన్ జల్లెడ మూసుకుని నీళ్లు అంచు దాటి పొర్లుతాయి. కింద వేడి పలక మీద ఉంచిన డికాషన్ మాడు వాసన వేస్తుంది. బోరు నీళ్ల ఊళ్లలో లోపల సున్నం పేరుకుంటుంది, అప్పుడప్పుడూ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో ఒకసారి నడపాలి. అసలు ఈ పద్ధతి పుట్టింది పాలు లేని కాఫీకి. అమెరికా వెళ్లే మనవాళ్లు, అక్కడ ప్రతి షాపులో ఈ మెషీన్లు దొరుకుతున్నా, సూట్‌కేసులో స్టీలు ఫిల్టర్ పెట్టుకుని వెళ్లేది అందుకే.

దీనికి ఒక మంచి గుణం ఉంది, దాచకూడదు. జర్మనీలో మెలిటా బెంట్జ్ 1908లో మొదలుపెట్టిన కాగితం ఫిల్టర్‌ను దీని బుట్టలో పెట్టి వడకడితే, కాఫీలో కొలెస్ట్రాల్ పెంచే నూనె పదార్థాలు చాలావరకు కాగితంలోనే ఆగిపోతాయి. చిల్లుల జల్లెడ అంతగా ఆపలేదు. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టర్ చెప్పినవాళ్లు, రోజుకు నాలుగైదు కప్పులు తాగేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. అలాంటప్పుడు మెషీనే అక్కర్లేదు, గరాటులో కాగితం పెట్టి చేత్తో నీళ్లు పోసుకున్నా సరిపోతుంది.

పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌లో ఒక కప్పైనా నాలుగైనా అదే రుచిలో వస్తుంది, ఆ సౌలభ్యం నిజం. కానీ దాన్ని పాలల్లో నిలిచేంత చిక్కగా చేస్తే అడుగున బురద. నూనెలూ బాగా దిగుతాయి. పాలు లేకుండా తాగేవాళ్లకు మాత్రం చెబుతాను.

ఎస్ప్రెస్సో మెషీన్ ఒక్కో కప్పు విడిగా చేస్తుంది కాబట్టి చిన్న ఇంటికి సరిపోతుందనిపిస్తుంది. నీళ్లను పొడిలోంచి తోసే ఒత్తిడి 15 బార్, 20 బార్ అని డబ్బా మీద గొప్పగా రాస్తారు. కావాల్సింది 9 బార్ దగ్గరే, ఆ పెద్ద అంకె పంపు సామర్థ్యం మాత్రమే. మంచి కాఫీ రావాలంటే గింజలు అప్పటికప్పుడు ఆడించే గ్రైండర్ కూడా కొనాలి, రోజూ పాల గొట్టం కడగాలి. కాఫీ మీద అంత మక్కువా, అంత తీరికా ఉంటే సంతోషంగా కొనుక్కోండి. క్యాప్సూల్ మెషీన్ మాత్రం నేను ఎవరికీ చెప్పను. చాలావాటిలో ఒక్కో క్యాప్సూల్‌లో ఉండే పొడి 5, 6 గ్రాములు, మన కప్పుకు 10 గ్రాములు వేసుకునే అలవాటు. పాలల్లో అది తేలిపోతుంది, కప్పు ఖర్చూ ఎక్కువ, చెత్తా ఎక్కువ.

మా ఇంటికి నేను ఎంచుకునేది చిన్న స్టీలు ఫిల్టరే. రాత్రి వేసి పెట్టుకునే అలవాటు కుదరని ఉద్యోగస్థుల జంటకు 3 కప్పుల మోకా. స్టీలు ఫిల్టర్ ఆన్‌లైన్‌లో కాకుండా స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లి చేత్తో పట్టుకుని కొనండి. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూస్తే చిల్లులు సన్నగా, ఒకే సైజులో, అంచుదాకా సమంగా కనబడాలి. పై గిన్నె కింది గిన్నెలో ఊగకుండా కూర్చోవాలి, అలాగని బిగుసుకోనూ కూడదు. చిల్లుల బిళ్ళ పై గిన్నె లోపలి అంచులకు దగ్గరగా సరిపోవాలి. అది చిన్నదైతే పక్కలనుంచి పొడి పైకి లేస్తుంది, ఎంత మంచి పొడి వేసినా డికాషన్ నిలవదు.